ఆకు తిప్పి చూడండి
(కల్వకుర్తి దగ్గర ఒక ఊరి రైతు వేదికలో, పెరటి తోటలు పెంచే మహిళలతో రిటైర్డ్ సైన్సు టీచర్ మాట్లాడిన మాటలు)

అక్కలకు, చెల్లెండ్లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అన్నలకు నమస్కారం. లోపలికి వస్తుంటేనే ఇద్దరు ఆపి, “సారూ, పురుగుకు మంచి కషాయం చెప్పాలె” అన్నరు. చెప్త. కానీ కషాయం చివర్ల. ముందు మా పెరట్ల నుంచి తెచ్చిన ఈ చిక్కుడు కొమ్మను చూసి, పక్కవాళ్లకు అందియ్యండి.

పైనుంచి చూస్తే ఆకు బాగనే ఉన్నది. తిప్పండి. నల్ల నువ్వులు చల్లినట్టు అంటుకుని ఉన్నదే పేనుబంక, చెట్టు రసం పీల్చే చిన్న పురుగుల గుంపు. దాని మీద చీమలు తిరుగుతున్నయని మనం చీమల మీద పడ్తం. చీమలు ఆకు జోలికి పోవు. బంక విడిచే తియ్యటి జిగురు కోసం వస్తయి. ఆ జిగురు కోసమే బంకను తినే పురుగులను తరిమి మరీ కాపలా కాస్తయి. ఇప్పుడు ఆ బంక నడుమ చూడండి. ఒళ్లంతా నల్లగ, నారింజ చుక్కలతోని, చిన్న మొసలి పిల్ల లెక్క ఒకటి నడుస్తున్నది. అది అక్షింతల పురుగు పిల్ల, ఇంకా రెక్కలు రాలేదు. దాని తిండి ఈ బంకే. రిటైరైన కొత్తల నేను వీటిని ఏరి ఏరి చెప్పుతోని నలిపేసిన. ఏండ్ల తరబడి సైన్సు చెప్పినోణ్ణి! పిల్లలకు రెక్కల పురుగు బొమ్మ చూపిచ్చిన గాని, దాని పిల్ల ఎట్లుంటదో నేనే ఎన్నడూ చూడలే. వారం తిరిగేసరికి పందిరంత బంకే.

మన దిక్కు పెద్దోళ్లకు ఈ చూపు ఉండె. ఆముదం, పల్లి చేన్ల మీద ఎర్రగొంగళి పడ్డ రోజులు యాదికున్నయా? తొలకరి వాన పడ్డ రెండు మూడు రోజులకు భూమిలకెళ్లి రెక్కల పురుగులు లేస్తయి, రాత్రిపూట వెలుగుకు వస్తయి. ఆ కొన్ని రాత్రులు గట్ల మీద మంటలు పెడితే, గుడ్లు పెట్టకముందే చానా మటుకు వచ్చి మంటల పడ్తయి. తప్పిచ్చుకున్నవాటి పిల్లలు గుంపుగ పక్క చేనుకు నడుస్తయి. అడ్డంగ కందకం తీసి జిల్లేడు కొమ్మలు వేస్తే అండ్లనే మూగుతయి. ఒళ్లంతా వెంట్రుకలు వచ్చి గొంగళి పెద్దగైనంక ఏ మందు కొట్టినా అంతంతే. ఇంకో సంగతి, ఒక్కని చేన్ల మంట పెడితే లాభం లేదు, ఊరంత పెట్టాలె.

పెరట్ల వంకాయకు రండి. చెట్టు కొన వాలిపోతే నీళ్లు తక్కువైనయని బిందెలు బిందెలు పోస్తం. ఆ కొన తుంచి గోటితోని చీల్చండి, లోపల పురుగు ఉంటది. కొమ్మ లోపల దాగినదానికి ఏ కషాయమూ అందదు. వాలిన చోటికి కొంచెం కిందికి కత్తిరించి సబ్బు నీళ్ల బకెట్ల వేయాలె. పెంట మీద పారేస్తే రెక్కలు తెచ్చుకుని మళ్లీ మీ చెట్టు మీదికే వస్తది.

ఆనపకాయ, బీర, కాకర పిందెలను పాడుచేసేది పండు ఈగ. పువ్వు వాడిపోంగనే పిందెకు కాగితం చుట్టండి. కుళ్లినవాటిని చెట్టు కింద వదలొద్దు, సంచిల మూట కట్టి ఎండల పెట్టండి. తులసి ఆకు నూరి బెల్లం నీళ్లల్ల కలిపి డబ్బా వేలాడదీయమని చెప్తరు. ఆ వాసనకు మామిడి, జామ మీద వాలే మగ ఈగలు వస్తయి, కొల్లాపూర్ దిక్కు మామిడి తోటలోళ్లకు పనికొస్తది. ఆనపకాయ మీదికి వచ్చే ఈగ జాతే వేరు, తులసి దానికి పట్టదు.

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి (మంచాల నల్లి కాదు), రెండూ ఆకు రసం పీల్చే సన్నటి పురుగులే. తామర పురుగుకు నీలం జిగురు అట్ట, తెల్లదోమకు పసుపుది.

ఇగ కషాయం. జూన్, జూలైల యాపపండ్లు రాలినప్పుడు ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడల ఆరబెట్టి దాచుకోండి. లీటరు నీళ్లకు 50 గ్రాముల యాప పప్పు దంచి, బట్టల మూట కట్టి రాత్రంత నానబెట్టాలె. పొద్దుగాల పాల లెక్క దిగేదాక పిండి, కొంచెం కుంకుడు నురుగు కలపాలె. నేను ఒకసారి తొందరల బట్టల పౌడరు గుప్పెడు వేసిన. తెల్లారి చూస్తే టమాట ఆకుల అంచులు మాడిపోయినయి. ఎండకు యాప చేవ పోతది, అందుకే పొద్దు వాలినంక, ఆకు అడుగున తడిసేటట్టు కొట్టండి. తెల్లారే పురుగులు చచ్చి పడాలని చూడొద్దు, అవి తినుడు మానేస్తయి, ఎదుగుడు ఆగిపోతది. గింజలు లేనోళ్లు లీటరుకు 5 మిల్లీలీటర్ల యాపనూనె అదే కుంకుడు నురుగుల కలిపి కొట్టొచ్చు.

పొగాకు కషాయం మాత్రం నేను చెప్పను. అదీ ఆకుదే, కాదనను. కానీ దాంట్ల ఉండే నికోటిన్ మనిషికీ విషమే. పైగా పొగాకు నుంచి టమాటకు, మిరపకు వైరస్ అంటుకుంటదన్న భయం ఉన్నది.

ఆ చిక్కుడు కొమ్మ ఎవరి దగ్గర ఆగింది? జర జాగ్రత్తగ ఇటియ్యండమ్మా. ఆ మొసలి పిల్లను మళ్లీ మా పందిరి మీద విడిచిపెట్టాలె.