ఇన్సులిన్ లెక్క ఎవరు చూస్తున్నారు?

పెద్దలందరికీ నమస్కారం. ఈ హాల్లో కూర్చున్న చాలామందికి పిల్లలు బెంగళూరులోనో, అంతకంటే దూరంలోనో ఉంటారు. అనంతపురంలో ఇంటింటికీ కేర్‌టేకర్లు వచ్చింది అందుకే. నన్ను మాట్లాడమన్న విషయం మాత్రం నోటితో అనడానికే ఇబ్బందిగా ఉంటుంది: చూసుకోవడానికి వచ్చిన మనిషే చంపేస్తే?

ఇలాంటివి చాలా అరుదు. కానీ జరిగినచోట ఏళ్ల తరబడి ఎవరికీ తెలియలేదు, నా బాధ అదీ.

ఇంగ్లండ్‌లో హైడ్ అనే ఊరు. అక్కడ హెరాల్డ్ షిప్‌మన్ అనే ఫ్యామిలీ డాక్టరు. ఇంటికొచ్చి చూసిపోయే డాక్టరంటే జేజిలకు ఎంత నమ్మకమో మీకు చెప్పాలా? డయామార్ఫిన్ అనే మత్తుమందు ఇంజెక్షన్లిచ్చి చంపేవాడు. 2000లో 15 హత్యలకు శిక్ష పడింది. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన విచారణలో 215 మందిని చంపినట్టు తేల్చారు. మొదట అనుమానించిన వాళ్లలో అంత్యక్రియలు చేయించే ఒక కుటుంబం ఉంది. జబ్బుతో పోయినవాళ్లు మంచంలో ఉండాలి కదా, ఈయన పేషెంట్లు పగటి బట్టల్లో, కుర్చీలో కూర్చున్నట్టే పోతున్నారేమిటని వాళ్లకు తోచింది. 1998 మార్చిలో ఒక డాక్టరమ్మ కూడా ఫిర్యాదు చేసింది. పోలీసులు పైపైన చూసి వదిలేశారు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు పోయారు. చివరికి దొరికింది, తాను చంపిన ఒకామె పేరుతో తయారుచేసిన దొంగ వీలునామా వల్ల! ఆమె కూతురు లాయరు కాబట్టి సరిపోయింది.

జర్మనీలో నీల్స్ హోగెల్ అనే నర్సు మీద ఒక ఆస్పత్రిలో అనుమానం వచ్చింది. మంచి సర్టిఫికెట్ చేతిలో పెట్టి సాగనంపారు. పక్క ఊరి ఆస్పత్రిలో మళ్లీ మొదలుపెట్టాడు. 2019లో 85 హత్యలు రుజువయ్యాయి. మనమూ అంతే, పనిమనిషి మీద అనుమానమొస్తే గొడవెందుకని మాన్పించి ఊరుకుంటాం. ఆ మనిషి పక్క వీధిలో చేరుతుంది.

కెనడాలో ఎలిజబెత్ వెట్‌లాఫర్ అనే నర్సు వృద్ధుల హోముల్లో ఎనిమిది మందిని ఇన్సులిన్‌తో చంపింది. 2016లో తనంతట తాను చెప్పుకుంది. చెప్పకపోతే బయటపడేదే కాదని విచారణ కమిషన్ రాసింది. మత్తుమందులకు లెక్క రాస్తారు గానీ ఇన్సులిన్‌కు అంత లెక్క ఉండేది కాదక్కడ.

మన ఇళ్లల్లో ఉందా? ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ పెన్ను పెడతాం, మరిచిపోతాం. అందులో మందుండే గొట్టం, కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లుంటాయి. రోజుకు 20 యూనిట్లు వాడే మనిషికి దాదాపు రెండు వారాలు రావాలి. వారానికే అయిపోతే అడగండి. ఎన్ని యూనిట్లు, ఎన్నింటికి, ఎవరు ఇచ్చారు అని ఒక నోటుబుక్కు పెట్టండి. నిజాయితీగా పనిచేసే అమ్మాయికి కూడా రేపు అదే సాక్ష్యం.

ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. రాత్రంతా మేలుకున్న మనిషిని పొద్దున్నే వంట కూడా చెయ్యమంటాం, నెలకు ఒక్క సెలవివ్వం. విసుగు, కసురుకోవడం అక్కడే మొదలవుతాయి. మారుమనిషిని పెట్టండి. పెద్దవాళ్ల దగ్గర కాసేపు ఒంటరిగా కూర్చుని మాట్లాడండి. కేర్‌టేకర్ పక్కనుంటే ఏమీ చెప్పరు. మీకుగా చెప్పుకోవాలనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

ఇంకొకటి. షుగర్ ఉన్నా లేకపోయినా, పెద్దాయన చెమటలు పట్టి పిలిస్తే పలకకపోతే, వయసు మీద పడిందిలే అనుకోకండి. ఇన్సులిన్ ఎక్కువై చక్కెర పడిపోతే ఇలాగే అవ్వొచ్చు. 108కి ఫోన్ చేసి, ఆ బండి వచ్చేలోపు గ్లూకోమీటర్‌తో వేలు గుచ్చి చూడండి. వచ్చిన అంకె, టైము రాసిపెట్టండి. ప్రాణం పోయాక రక్తంలో చక్కెర ఎలాగూ పడిపోతుంది, అప్పుడు ఆ అంకె చూసి ఏమీ తేల్చలేరు.