సాగర్‌కు 25 గేట్లేనా?

చెల్లె: నమస్తే అందరికీ. నల్లగొండ నుంచి మళ్ల మన లెక్కల ముచ్చట్లు. ఇయ్యాల విషయం, కోడింగ్‌తోటి లెక్కలు చెప్తే పిల్లలకు ధైర్యం ఎట్లొస్తది అని. అన్నా, సుద్దముక్క సంగతి మాత్రం ఎత్తకు.

అన్న: ఎత్త. కానీ ముందుగాల ఎక్కాలు రావాలె.

చెల్లె: అగో, మొదలువెట్టిండు.

అన్న: సరే, నువ్వే చెప్పు.

చెల్లె: మా తొమ్మిదో తరగతిల పైథాన్ టర్టిల్‌తోటి, అంటే పైథాన్ అనే కోడింగ్ భాషల మనం చెప్పినట్టు నడుసుకుంట గీతలు గీసే తాబేలు బొమ్మతోటి, సమబాహు త్రిభుజం గీయమన్న. 60 డిగ్రీలని అందరికీ నోటికొచ్చు. 60 తిప్పుకుంట మూడుసార్లు నడిపితే గీత కలవనే లేదు. తాబేలు తిరిగేది బయటి కోణం, 120. అది నేను చెప్పలే. వెనుక బెంచీల ఒక పిల్ల, ఏడాదంతా నోరు తెరవని పిల్ల, 60ని గట్లనే ఉంచి మూడుసార్లను ఆరుసార్లు చేసి చూసింది. షడ్భుజి వచ్చింది!

అన్న: మంచిగుంది. నేను గూడ గట్లనే సాగర్ గేట్లతోటి చెప్పిన.

చెల్లె: ఆ ముచ్చట తప్పు అన్నా. మీ పోరగాండ్లే నాకు చెప్పిండ్రు.

అన్న: ఏం తప్పు? నాగార్జునసాగర్‌కు గేట్లు 26. ఒకే పనిని మళ్ల మళ్ల చేయించే ఫర్ లూప్ రాసి, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకనో చెప్పే రేంజ్‌ల ఒకటి కామా 26 వెట్టిన. ఒక్కో గేటు లేపుకుంట పోవాలె.

చెల్లె: 25 దగ్గర్నే ఆగుతది. చివరి నంబరు లెక్కకు రాదు.

అన్న: అదే నాకు మండేది! 26 అని రాసినంక 26 దాకా పోవాలె గదా. ఆ ఒక్క గేటు ఏం పాపం చేసింది?

చెల్లె: 27 రాయి. లేకపోతే ఉత్త 26 రాయి, సున్నా నుంచి 25 దాకా 26 సార్లు తిరుగుతది.

అన్న: సున్నా నంబరు గేటా! డ్యాం మీదికి పోయి అడుగు, సున్నా గేటు ఏదని.

చెల్లె: స్కేలు మీద సున్నా నుంచి కొలవవా? ఇయ్యాల పుట్టిన పిల్లకు ఒక ఏడు అంటవా?

అన్న: మా అమ్మ అంటది. "ఒకటో ఏడు నడుస్తున్నది" అంటది.

చెల్లె: (నవ్వు) నిండిన ఏండ్లు వేరే, నడిచే ఏడు వేరే అన్నా. పైథాన్ నిండినయే లెక్కవెడ్తది.

అన్న: ఎక్కాన్ని ఎవరన్న సున్నాతోటి మొదలువెడ్తరా? రెండొకట్ల రెండు.

చెల్లె: మళ్ల ఎక్కాలు!

అన్న: నవ్వకు. ఆరో తరగతిల పందొమ్మిదో ఎక్కం తప్పిన. గోడకుర్చీ ఏయించిండ్రు. మోకాళ్లు వణికినయి గానీ 19 ఏడ్ల ఎంతనో నోటికి రాలే. ఇప్పటికీ ఆడ ఒక్క క్షణం ఆగుత.

(కాసేపు మౌనం)

చెల్లె: 133.

అన్న: తెలుసు లేవే.

చెల్లె: కంప్యూటర్ ఎర్రక్షరాలు చూపెడ్తది గానీ నవ్వదు, గోడకుర్చీ ఏయించదు. మొన్న ఆ పిల్ల సప్తభుజి పట్టుకుంది. 360ని ఏడుతోటి భాగించి 51 అని రాసింది. చివర సందు మిగిలింది. "మేడం, 3 డిగ్రీలు తక్కువవడ్డయి" అని తనంతట తనే బోర్డు దగ్గరికి వచ్చింది.

అన్న: ఏడు 51లు 357. చూసినవా, ఎక్కం వచ్చు గనుకనే దొరికింది!

చెల్లె: అన్నా!

అన్న: 51 ఎందుకు, భాగహారమే రాయమనలేకపోయినవా?

చెల్లె: రాసింది. గీత కలిసింది. ఇప్పుడేమో, నిజంగ కలిసిందా, కంటికి గట్ల కనవడ్తుందా అని అడుగుతుంది. పైథాన్‌ల 0.1, 0.2 కలిపితే సరిగ్గ 0.3 రాదు, చివర 4 తోకుంటది. అది ఎట్ల చెప్పాలె ఆమెకు?

అన్న: తోకెందుకొస్తది?

చెల్లె: మనకు ఒకటి బై మూడు తెగనట్టే, బైనరీల, అంటే కంప్యూటర్ వాడే సున్నా, ఒకట్ల లెక్కల, 0.1 తెగదు.

అన్న: అయితే ఆ సున్నా గేటు గూడ...

చెల్లె: గేటు లేదు, ఏం లేదు. నా దేవరకొండ బస్సు పోతది.

అన్న: ఆగు, మైకు తీయకు, 25...