డెకూపాజ్‌కి ఖరీదైన గమ్ కావాలా, ఫెవికాల్ చాలా? న్యాప్‌కిన్, రైస్ పేపర్, ప్రింటవుట్ మూడూ పెట్టి చూసిన రివ్యూ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. టేబుల్ మీద చూస్తున్నారుగా, ఒక చెక్క ట్రే, పచ్చడి అయిపోయిన గాజు సీసా, అమ్మావాళ్ళింట్లో అటక మీంచి దింపిన పాత స్టీలు డబ్బా. ఈ మూడింటి మీదా డెకూపాజ్ చేశాను, అంటే ఏం లేదండి, బొమ్మలున్న పల్చటి కాగితం గమ్‌తో అతికించి పైన వార్నిష్ వేస్తే అచ్చం పెయింట్ చేసినట్టే కనిపిస్తుంది. ఎలా చేయాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి, నేను చెప్పేదల్లా దీంట్లో డబ్బులు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టక్కర్లేదు అని.

ముందు కాగితం సంగతి. మొదటిది న్యాప్‌కిన్. పార్టీల్లో ప్లేటు పక్కన పెడతారే, అదే, 33 బై 33 సెంటీమీటర్ల సైజు. అమెరికాలో, యూకేలో ఉన్న మనవాళ్ళకి ఏ పార్టీ స్టోర్‌కి వెళ్ళినా దొరుకుతాయి, ఇక్కడైతే ఆన్‌లైన్‌లో డెకూపాజ్ న్యాప్‌కిన్ అని కొడితే విడివిడిగా కూడా అమ్ముతున్నారు. దీనికి మామూలుగా మూడు పొరలుంటాయండి, బొమ్మ ఉండేది పై పొర ఒక్కదాని మీదే. ఇదిగో దగ్గరగా పెడుతున్నా, ఈ మూల వేళ్ళతో నలిపితే చూడండి, ఒక తెల్ల పొర వచ్చేసింది. అయిపోయిందనుకుంటాం గానీ ఇంకోటుంది, రెండోది మొండిది, బొమ్మ పొరని పట్టుకుని వదలదు. చిన్న సెల్లో టేప్ ముక్క ముందు ఒకటి, వెనక ఒకటి అంటించి మెల్లగా లాగండి... ఆ, వచ్చింది. ఈ పొర తీయకుండా అతికిస్తే గమ్మంతా అదే తాగేస్తుంది, ఆరాక పైన బొమ్మ విడిగా లేచి వచ్చేస్తుంది.

ఇప్పుడు మిగిలిన పొర చూడండి ఎంత పల్చగా ఉందో, వెనక నా వేళ్ళు కనపడుతున్నాయి. తడిస్తే ఇంకా పారదర్శకంగా అయిపోతుంది. అందుకే కింద బేస్ తెల్లగా ఉండి తీరాలి, లేదా బాగా లేత రంగు, ముదురు చెక్క మీద నేరుగా పెట్టారంటే గులాబీలు కాస్తా మట్టి రంగులోకి వెళ్ళిపోతాయి. రెండు కోట్లు తెల్ల ఆక్రిలిక్ పెయింట్ వేయండి, జెస్సో, అంటే పెయింట్ కింద వేసే తెల్ల ప్రైమర్, ఉంటే ఇంకా మంచిది కానీ దాని కోసం పనిగట్టుకుని కొనక్కర్లేదు.

న్యాప్‌కిన్‌తో అందరికీ వచ్చే తలనొప్పి ముడతలు. తడి తగలగానే కాగితం సాగుతుంది, సాగింది ఎక్కడికి పోవాలి, పోయే చోటు లేక ముడత పడుతుంది. బ్రష్‌తో రుద్దితే చిరుగుతుంది కూడా. దానికి మార్గం ఏంటంటే ఇస్త్రీ పెట్టె. నిజంగానే చెప్తున్నానండి. ట్రే మీద గమ్ రాసి పూర్తిగా ఆరనివ్వండి, దాని మీద న్యాప్‌కిన్ పొర పరిచి, పైన బటర్ పేపర్ వేసి, స్టీమ్ లేకుండా మీడియం వేడి మీద ఇస్త్రీ చేయండి. ఈ తెల్ల గమ్ వేడికి మళ్ళీ మెత్తబడి కాగితాన్ని పట్టేసుకుంటుంది, తడే లేదు కాబట్టి ముడతా లేదు. ఈ ట్రే అలా చేసిందే, లైట్ కింద తిప్పుతున్నా, ఎక్కడైనా గీత కనపడుతోందా? సీసాలాంటి గుండ్రటి వాటికి ఇస్త్రీ కుదరదు, వాటికి తడి గమ్ మీదే కాగితం పెట్టి పైన క్లింగ్ ర్యాప్ వేసి మధ్య నుంచి అంచులకి వేలితో నొక్కుతూ వెళ్ళడమే.

రెండోది రైస్ పేపర్. దీన్ని లైటుకి ఎదురుగా పెడితే లోపల పొడుగు పొడుగు నార కనిపిస్తుంది చూడండి, ఆ నార వల్లే తడిసినా చిరగదు, తీసి మళ్ళీ సర్దుకోవచ్చు. ధర ఎక్కువే, ఒక్క ఏ4 షీట్ డబ్బులకి న్యాప్‌కిన్లు చాలానే వస్తాయి. కానీ మొదటిసారి చేసేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టమంటాను, న్యాప్‌కిన్‌తో మొదలుపెట్టి విసుగొచ్చి వదిలేసే కంటే నయం కదా. కత్తెరతో మాత్రం కట్ చేయకండి, తడి బ్రష్‌తో బొమ్మ చుట్టూ గీసి చేత్తో చింపితే అంచు పీచుగా వచ్చి బేస్‌లో కలిసిపోతుంది.

మూడోది ప్రింటవుట్, చవకైనది ఇదే. ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్‌లో తీస్తే గమ్ తగలగానే రంగు పాకిపోతుంది, జెరాక్స్ షాపుకెళ్ళి లేజర్ ప్రింట్ అని అడిగి తీయించుకోండి, అది పాకదు. కాకపోతే కాగితం మందంగా ఉండి అంచు చేతికి తగులుతూ ఉంటుంది, అది నాకు నచ్చదు.

ఇక గమ్ దగ్గరికొద్దాం. మాడ్ పాడ్జ్ అని 1967లో అమెరికాలో జాన్ వెట్‌స్టోన్ అనే ఆవిడ తయారుచేసింది, గమ్మూ అదే, పైన సీలరూ అదే, మెరుపు లేని మ్యాట్‌లోనూ, మెరిసే గ్లాసీలోనూ వస్తుంది. మంచి సరుకే, బ్రష్‌తో సాఫీగా పరుచుకుంటుంది, నేను కాదనను. కానీ మన దగ్గర చిన్న జార్ ధరకి కిలో ఫెవికాల్ వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది. పిల్లల ప్రాజెక్టులకి కొంటామే, ఫెవికాల్ ఎమ్మార్, అదైనా చాలు. రెండు వంతుల ఫెవికాల్‌కి ఒక వంతు నీళ్ళు, దోసెల పిండి కన్నా కాస్త జారుగా ఉండాలి. కాగితం కింద ఏ గమ్ వాడారో ఆరాక నాకైతే తేడా తెలియలేదు. నా తీర్పు ఇదేనండి, గమ్ మీద మిగిల్చి వార్నిష్ మీద పెట్టండి.

ఎందుకంటే ఈ కళకి ప్రాణం పైపూతే. 18వ శతాబ్దంలో వెనిస్‌లో ఫర్నిచర్ చేసేవాళ్ళు చైనా, జపాన్ లక్క సామాను కొనలేని వాళ్ళ కోసం అచ్చు బొమ్మలు కత్తిరించి, రంగులేసి, చెక్కకి అతికించి, కాగితం అంచు వేలికి తగలనంత వరకు వార్నిష్ మీద వార్నిష్ వేసేవాళ్ళు. మనం అంత అక్కర్లేదు గానీ వాటర్ బేస్డ్ ఆక్రిలిక్ వార్నిష్ కనీసం మూడు కోట్లు, మధ్య మధ్యలో సన్న సాండ్ పేపర్‌తో ఒక్కసారి అలా అలా. చెక్క తలుపులకి వేసే ఆయిల్ వార్నిష్ వద్దు, తెల్ల బేస్ మీద కొన్నాళ్ళకి పసుపు రంగుకి తిరుగుతుంది. వైజాగ్, కాకినాడ అటువైపు వాళ్ళకి ఇంకా ముఖ్యం, ఉక్క రోజుల్లో ఒట్టి గమ్ కోటింగ్ చేతికి జిడ్డుగా అంటుకుంటుంది, రెండు సీసాలు పక్కపక్కన పెడితే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైగా గమ్ ఆరడం వేరు, గట్టిపడటం వేరు, మాడ్ పాడ్జ్‌కే పూర్తిగా గట్టిపడటానికి నాలుగు వారాలు అంటారు, సాయంత్రం చేసి పొద్దున్నే గిఫ్ట్ ప్యాక్ చేసేయకండి.

స్టీలు డబ్బాకి ముందు సాండ్ పేపర్ రుద్ది, స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, మెటల్ ప్రైమర్ వేయాలి, లేకపోతే గోరుతో గీకితే మొత్తం పొర ఊడొస్తుంది. గాజుకి స్పిరిట్‌తో తుడవడం చాలు. మెత్తటి ప్లాస్టిక్ డబ్బాల జోలికి పోకండి, వాటికి ఈ గమ్ పట్టదు. ట్రే మీద ఇంత వార్నిష్ వేసినా వేడి వేడి కాఫీ గ్లాసు నేరుగా పెట్టొద్దు, తెల్ల మచ్చ పడుతుంది. ప్లేట్లకి, గిన్నెలకి తిండి తగిలే వైపు అసలు చేయకండి, ఇవేవీ తినే సామానుకి పనికొచ్చేవి కాదు.

ఆఁ, మట్టి కుండీల మీద వేయొచ్చా అని చాలామంది అడిగారు. వేయొచ్చు, కానీ మొక్క పెడితే నీళ్ళు లోపల్నుంచి మట్టిలోకి ఇంకి బయటికి వస్తాయి, కాగితం బుడగలు బుడగలుగా లేస్తుంది. కుండీ లోపల కూడా వాటర్‌ప్రూఫ్ సీలర్ రెండు కోట్లు వేసి ఆరబెట్టాకే బయట మొదలుపెట్టండి. అంత ఓపిక లేదంటే మొక్కని ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, ఈ డిజైన్ కుండీలోకి దించేయండి, నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీసి పోస్తే సరి.