డంజియన్ మాస్టర్: తలుపుకున్న గుణం మనిషికి లేని ఆట

(కర్నూలులో ఇంజినీరింగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కొండారెడ్డి బురుజు కింద సొరంగం ఉందని, అది తుంగభద్ర అడుగున పోయి గద్వాల కోటలో తేలుతుందని మనూరి పిల్లలకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నిజమెంతో ఇప్పుడు మనకనవసరం. సొరంగం అనగానే లోపల ఏముందో చూడాలనిపిస్తుంది గదా, ఆ కుతూహలాన్నే నమ్ముకుని బతికిన కంప్యూటర్ ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిలో నా లెక్కన పెద్దది 'డంజియన్ మాస్టర్'. డంజియన్ అంటే నేలమాళిగ. నలుగురు వీరులను వెంటబెట్టుకుని అందులో దిగాలి, అదీ ఆట. అమెరికాలోని ఎఫ్‌టీఎల్ గేమ్స్ వాళ్లు 1987 డిసెంబరులో అటారి ఎస్‌టీ కంప్యూటర్ కోసం విడుదల చేశారు. పాత ఆట కాబట్టి దండం పెట్టి పోదామని నేను రాలేదు. దాంట్లో నాకు నచ్చనివి చాలానే ఉన్నాయి, అవీ చెబుతాను.

అంతకు ముందూ నేలమాళిగ ఆటలు లేకపోలేదు. 1981లో 'విజర్డ్రీ' వచ్చింది. గీతలతో గీసిన గోడలు, అడుగు వేస్తే ఒక గడి ముందుకు. రాక్షసుడు ఎదురైతే మీరు ఏం చేయాలో తేల్చుకునేదాకా వాడు మర్యాదగా నిలబడేవాడు. డంజియన్ మాస్టర్‌లో ఆ మర్యాద లేదు. గడుల లెక్కా, తొంభై డిగ్రీల మలుపులూ అలాగే ఉన్నాయి గానీ కాలం ఆగదు. మీరు సంచి విప్పి ఏ సీసా ఎక్కడుందో వెతుక్కునేలోగా రెండో అంతస్తులోని గుడ్డలు చుట్టిన శవం, అదే ఈజిప్టు మమ్మీ, వచ్చి ముందు వరసలో ఉన్నవాడి వీపు వాయగొడుతుంది. కాగడా కాలిపోతూ ఉంటుంది, ఆకలీ దాహమూ పెరుగుతూ ఉంటాయి. ఇదంతా 512 కేబీ మెమరీలో. ఇప్పుడు మీ ఫోనులో ఒక్క ఫోటో అంతకంటే ఎక్కువ ఉంటుంది.

అయితే ఆ ఆట గొప్పతనం వేగంలో లేదు. అక్కడున్న ప్రతి వస్తువుకూ ఒక గుణం ఉండటంలో ఉంది. నేల మీద ఒక పలక ఉంటుంది, బరువు పడితే తలుపు తెరుచుకుంటుంది. ఆ బరువు మనిషిదే కానక్కరలేదు, రాయి పెట్టినా చాలు. మధ్యలో గొయ్యి ఉంటే ఇవతల నుంచే రాయి విసరొచ్చు. తెర పైభాగంలో మౌస్ నొక్కితే వస్తువు ఎగిరిపోతుంది, కింద నొక్కితే కాళ్ల దగ్గర పడుతుంది. అంతే, వేరే మెనూ లేదు. మీట నొక్కితే తలుపు పైకి లేస్తుంది, మళ్లీ నొక్కితే కిందికి దిగుతుంది. ఆ దిగే తలుపు కింద రాక్షసుడు ఉంటే? నెత్తిన పడుతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. కత్తి చేతకాని వాళ్లు తలుపుతోనే సగం యుద్ధాలు గెలిచారు. ఇలా చేయమని ఆట ఎక్కడా చెప్పదు. తలుపు బరువైనది, కింద ఉన్నవాడికి తల ఉంది, మిగతాది మీరే అనుకోవాలి. తయారుచేసినవాళ్లు ఒక్కో చిక్కుకు ఒక్కో జవాబు రాసిపెట్టకుండా వస్తువులకు నియమాలు రాశారు. మీలో ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు ఈ ఒక్క సంగతీ పట్టుకుపోతే చాలు.

మంత్రాలూ అంతే. జాబితాలోంచి ఏరుకునేది కాదు, గుర్తులు పేర్చి కట్టాలి. మొదటి గుర్తు ఎంత బలమో చెబుతుంది, తర్వాతవి ఏం కావాలో చెబుతాయి. బలం గుర్తు తర్వాత 'ఫుల్' పెడితే వెలుగు. 'ఫుల్ ఇర్' అంటే నిప్పుబంతి. ఖాళీ సీసా చేతిలో పట్టుకుని 'వీ' అంటే గాయాలకు మందు. కొన్ని కాగితపు చుట్టల్లో రాసి దొరుకుతాయి, కొన్ని మీరే కెలికి కనిపెట్టాలి. నైపుణ్యం తక్కువుంటే మంత్రం తప్పుతుంది, తప్పినా సాధన కాబట్టి కొంచెం ఎదుగుతారు. కత్తి తిప్పేవాడు యోధుడిగా ఎదుగుతాడు, విసిరేవాడు నింజాగా ఎదుగుతాడు. ఏ పని చేస్తే అదే వస్తుంది.

ఇక తప్పులు. పైన చెప్పిన సుగుణమే వికటించిన చోటుతో మొదలుపెడతాను. పని చేస్తే పని వస్తుందన్నారు గదా, ఆటగాళ్లు ఊరుకుంటారా? గోడకేసి ఒకే బాకును గంటల తరబడి విసిరి నింజాలను తయారుచేశారు. మూల నిలబడి అవసరం లేని దీపాలు వెలిగించి మాంత్రికులను తయారుచేశారు. ఆట అడ్డుచెప్పదు. యుద్ధమూ అంతే. రెండు గడుల వెడల్పూ రెండు గడుల పొడవూ ఉన్న ఖాళీ చోటు దొరికితే, కొట్టి పక్కకు జరగడం, రాక్షసుడు తిరిగేలోగా మళ్లీ కొట్టి జరగడం. ఈ చిందు నేర్చినవాడిని చాలా రాక్షసులు ఏమీ చేయలేవు. భయం పోయాక మిగిలేది కాళ్ల కసరత్తు.

దానికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. మొదట్లో అద్దాల్లో బందీలైన 24 మంది వీరులు కనిపిస్తారు. నలుగురిని ఎంచుకోవచ్చు. ఒక్కొక్కరికీ పేరుంది, ముఖముంది, తమ తమ వస్తువులున్నాయి. ఆ తర్వాత చివరిదాకా ఒక్కరూ నోరు విప్పరు. చచ్చినవాడి ఎముకలు మోసుకెళ్లి బలిపీఠం మీద పెడితే లేచి వస్తాడు, లేచినవాడు ఒక్క మాటైనా అనడు, పక్కవాడూ పలకరించడు. కథంతా ఆటతో వచ్చే పుస్తకంలో ఉంది. తలుపుకున్న గుణం మనిషికి లేకపోయింది. చేతిలోని వస్తువు లాక్కుని పారిపోయే గిగ్లర్ అనే చిల్లర దొంగకు ఉన్నపాటి స్వభావం కూడా ఈ వీరులకు లేదు!

మ్యాపు సంగతి మీరు అడగకముందే చెబుతా. ఆటలో మ్యాపు లేదు, గళ్ల కాగితం మీద గీసుకోవాలి. ఆ రోజుల్లో ఆడినవాళ్లు దాన్నే గొప్పగా చెబుతారు, కష్టపడితేనే ఆట అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. బెలుం గుహల్లో గైడు వెనకాల నడిచేటప్పుడు దారి గుర్తుండదు, ఒంటరిగా నడిస్తే ప్రతి మలుపూ గుర్తుంటుంది. ఆ మేరకు కాగితం మంచిదే. కానీ చెప్పకుండా మనల్ని తిప్పేసే గడులు, తెలియకుండా వేరే చోట పడేసే గడులు వచ్చాక గీసిందంతా రబ్బరుతో చెరపడం తెలివికి పరీక్ష కాదు, ఓపికకు పరీక్ష. 1992లో 'అల్టిమా అండర్‌వరల్డ్' తానే మ్యాపు గీసి, దాని మీద మన మాటలు రాసుకోనిచ్చింది. అందులో మనుషులు మాట్లాడతారు కూడా. ఐదేళ్లలో ఈ రెండు లోపాలూ ఎవరో గుర్తించి సరిచేశారన్నమాట. మరోవైపు 1991లో వచ్చిన 'ఐ ఆఫ్ ద బిహోల్డర్' డంజియన్ మాస్టర్ నడకను దాదాపు అలాగే తీసుకుంది, మ్యాపు లేకపోవడంతో సహా. 2012లో 'లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్' మ్యాపు ఇచ్చింది, కావాలంటే దాన్ని తీసేసి ఆడే వీలూ ఉంచింది. నాకు నచ్చిన పద్ధతి అదీ.

ముగింపు ఒక్కటి మాత్రం ఇప్పటికీ మెచ్చుకుంటాను. ఆటతో వచ్చే పుస్తకం చదివినవాళ్లు, అగ్నిదండం తెమ్మని పంపే లార్డ్ ఆర్డర్ మంచివాడు, అతని శత్రువు లార్డ్ ఖేయాస్ చెడ్డవాడు అనుకుంటారు. కష్టపడి సంపాదించిన ఆ దండం తెచ్చి ఆర్డర్ చేతికిస్తే, ఆయన మిమ్మల్నే చంపేస్తాడు. ఇద్దరూ ఒక్క మనిషిలోంచి చీలిన సగాలే. ఖేయాస్‌ను బంధించి ఆ రెండు సగాలనూ కలిపితేనే గెలుపు. నోరులేని వీరులతో ఇంత కథ చెప్పినవాళ్లు నడుమ ఒక్క సంభాషణ రాయలేకపోయారా అనిపిస్తుంది.

సరే, ప్రొజెక్టరు సిద్ధంగా ఉంది. నలుగురు ముందుకు రండి. ఒకరు మౌస్ పట్టుకోండి, ఒకరు గళ్ల కాగితం తీసుకోండి, మిగతా ఇద్దరూ కాగడా ఎంత మిగిలిందో చూస్తూ ఉండండి. తలుపు మీట కుడి పక్కన ఉంటుంది.