నీటి బుడగలు, రక్తనాళాల గోడలు

సభకు నమస్కారం. ఈరోజు విషయం పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే వ్యాధి, దానితో గుండెకు ఉన్న ముప్పు. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల తల్లులు, కళాశాల విద్యార్థినులు ఈరోజు ఎక్కువగా వచ్చారు కనుక, మీ వాడుక మాటతోనే మొదలుపెడతాను. స్కాన్ తీయించాక మన ఇళ్లలో "అండాశయంలో నీటి బుడగలున్నాయట" అంటారు. నిజానికి అవి బుడగలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. 1935లో స్టైన్, లెవెంతాల్ అనే వైద్యులు వర్ణించిన నాటి నుంచి ఈ వ్యాధికి అండాశయం పేరే నిలిచిపోయింది. అయితే 2003 నాటి రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం, ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాక, నెలసరి తప్పుతూ పురుష హార్మోన్లు ఎక్కువగా ఉంటే స్కానులో ఏమీ కనబడకపోయినా పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్‌గా నిర్ధారించవచ్చు.

ఈ స్త్రీలలో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆ లోటు తీర్చడానికి శరీరం మరింత ఇన్సులిన్‌ను విడుదల చేస్తే, అది అండాశయాన్ని ప్రేరేపించి పురుష హార్మోన్లను పెంచుతుంది. మరోవైపు, పొట్టలో పేరుకున్న కొవ్వులోకి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు చేరి, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలను వదులుతూ ఇన్సులిన్ పనికి ఇంకా అడ్డుపడతాయి. పరిశోధనల్లో ఈ స్త్రీల రక్తంలో తెల్లకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, సగటున కొంత ఎక్కువగా కనిపించాయి. ఒంటి లోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) సూచించే సి.ఆర్.పి. అనే రక్తంలోని ప్రోటీన్ అయితే సమాన బరువున్న ఇతర స్త్రీలతో పోల్చినా ఎక్కువగానే ఉంది. ఇది సగటు లెక్క. జలుబు చేసినా పెరిగే సి.ఆర్.పి.ని చూసి ఒక అమ్మాయి గుండె భవిష్యత్తును చెప్పలేము. రోగనిరోధక శక్తిని పెంచుతామని అమ్మే పొడులు కొనవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. ఇక్కడి చిక్కు ఆ శక్తి తగ్గడం కాదు, పనిలేని చోట రగులుతూ ఉండడం.

గుండె సంగతికి వస్తే, రక్తనాళంలో కొవ్వు చేరడాన్ని మన పంటకాలువలో పూడికతో పోల్చడం అలవాటు. ఆ పోలిక సగమే సరిపోతుంది. పూడిక కాలువ అడుగున పేరుకుంటుంది. కొవ్వు మాత్రం నాళపు లోపొర దాటి గోడలోకి దూరుతుంది. దాన్ని తొలగించడానికి రక్తంలోని మోనోసైట్లనే తెల్లకణాలు వెంట వెళ్లి, మాక్రోఫేజ్‌లుగా మారి, మింగిన కొవ్వుతో ఉబ్బి అక్కడే చిక్కుబడతాయి. గట్టే లోపలి నుంచి ఉబ్బి, ఒకనాడు పగిలితే, అక్కడ గడ్డకట్టిన రక్తం దారిని మూసేస్తుంది. ఇది ఏళ్ల తరబడి సాగే పని కాబట్టి, ఇరవై ఏళ్ల అమ్మాయి గుండెపోటుకు భయపడనక్కరలేదు, పరీక్షలు మాత్రం వాయిదా వేయకూడదు.

"పెళ్లయితే సర్దుకుంటుందా?" అన్నదే తల్లులు నన్ను అడిగే మొదటి ప్రశ్న, గుండె మాట అందులో ఉండదు. నెలసరి రావడానికి మాత్రలు రాసి, రక్తపోటు చూడకుండానే పంపివేసే తప్పు మా వైద్యులదీ. గుండెజబ్బు ముప్పును లెక్కలోకి తీసుకోవాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి: వ్యాధి తేలగానే కొలెస్టరాల్ పరీక్ష, గ్లూకోజు తాగించి చేసే చక్కెర పరీక్ష, ఏటా రక్తపోటు పరీక్ష. సన్నగా ఉన్నవారికీ ఇవి అవసరమే. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటిన వారు అన్నం కొంత తగ్గించి పప్పు, చేప పెంచుకుని, రోజూ కాలువగట్టు మీద అరగంట వడిగా నడవడం మొదలుపెట్టవచ్చు.

గుమ్మం పక్క బల్ల మీద టేపు, రక్తపోటు యంత్రం ఉంచాము. ప్రశ్నలు అడిగే ముందు అమ్మాయిలతో పాటు తల్లులు కూడా ఒకసారి అక్కడికి వెళ్లి రండి.