కూరగాయ ముట్టని పిల్లలకి మా ఇంటి స్నాక్స్: జుకినీ సర్వపిండి, ఇంకో మూడు

హాయ్ అండీ, బాగున్నారా అందరూ? ఇవాళ ఇక్కడ అమెరికాలో, మా ఫ్రిస్కోలో పొద్దున్నుంచి మబ్బే. ఇంకాసేపట్లో స్కూల్ బస్ వచ్చేస్తుంది, మా చిన్నోడు షూ కూడా విప్పకుండా "అమ్మా, స్నాక్?" అంటాడు. ఆ ఆకలి మీద ఏది పెట్టినా లోపలికి పోతుంది కాబట్టి కూరగాయలు తినిపించాలంటే నాకు దొరికే టైమ్ అదే, రాత్రి అన్నంలో బెండకాయ ముక్క పెట్టి ఒక్క ముద్ద నాన్నా అని బతిమాలే ఓపిక నాకు లేదండీ.

నేను గమనించిందేంటంటే, వీళ్లకి పడనిది తడి. మెత్తగా, జిగురుగా, నీరు కారుతూ ఉంటే మూతి తిప్పేస్తారు, అదే కూరగాయ ఎర్రగా కాలి కరకరలాడుతూ వచ్చిందంటే అందులో ఏముందని కూడా అడగరు. ఇక్కడి వంట వీడియోల్లో మఫిన్‌లో జుకినీ (కీరదోసలా ఉండే కూరగాయ), బ్రౌనీలో పాలకూర దాచేస్తుంటారు కదా, ఆ పోసే చక్కెర చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. మన వంటల్లో దాచాల్సిన పనే లేదు, బియ్యప్పిండి రొట్టె, అదే సర్వపిండి, మా ఇంట్లో సొరకాయ లేకుండా అసలు చెయ్యం.

మా అత్తమ్మవాళ్లది హనుమకొండ, ఈ సర్వపిండి ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. సొరకాయ కోసం ఇండియన్ స్టోర్ దాకా వెళ్లాలి, జుకినీ అయితే ఏ షాపులోనైనా దొరుకుతుంది. రెండు జుకినీలు తొక్కతోనే తురిమి, ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేయండి. ఇదిగో చూడండి, గిన్నె అడుగున ఎన్ని నీళ్లు వచ్చాయో! జుకినీలో దాదాపు 95 శాతం నీళ్లేనండీ. ఉప్పు వేసి ఆగకుండా వెంటనే పిండిలో కలిపేశామనుకోండి, ఆ నీళ్లన్నీ తర్వాత ఊరి ముద్ద జారిపోతుంది, ఎంతసేపు కాల్చినా మధ్యలో పచ్చిగానే ఉంటుంది. అందుకే తురుముని గట్టిగా పిండేసి, ఆ నీళ్లు పక్కన పెట్టుకుని, పిండి తడపడానికి మళ్లీ అవే కొద్దికొద్దిగా వాడుకోవాలి. రెండు కప్పుల బియ్యప్పిండి, గంట నానిన శనగపప్పు గుప్పెడు, నువ్వులు, జీలకర్ర, ఉల్లిపాయ, కరివేపాకు, కారం, అంతే. ఉప్పు ముందే పడింది, రుచి చూసి వేసుకోండి.

నూనె రాసిన చల్లటి మందపాటి పాన్‌లో ముద్దని పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టాలి. సెలవు రోజుల్లో ఈ పని మా చిన్నోడిదే, వాడి వేలు పడితే చిల్లి కాస్తా గుంత అవుతుందనుకోండి, అది వేరే సంగతి. ఒక్కో చిల్లిలో ఒక్కో చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు. తిప్పక్కర్లేదు. అంచులు వాటంతటవే లేచి వస్తాయి, అట్లకాడతో తడితే టకటకమని శబ్దం వస్తే అయినట్టే. రెండోది ఒత్తాలంటే పాన్ చల్లారాలి కదా, అందుకే నేను రెండు పాన్‌లు పెట్టుకుంటా.

ఇది ఇంట్లోనే, వేడి మీదే. లంచ్ బాక్స్‌లో పెడితే మధ్యాహ్నానికి సాగుతుంది, పైగా అలెర్జీల గొడవ ఒకటి. మా పిల్లల స్కూల్లో పల్లీలు తేకూడదు, నువ్వుల్ని కూడా 2023 జనవరి నుంచి అమెరికాలో ప్రధాన అలెర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు, కాబట్టి బాక్స్‌లో పెట్టేముందు టీచర్‌ని ఒక మాట అడగండి.

బాక్స్‌కి మా కడప గుంత పొంగనాలే బెస్ట్, చల్లారినా బాగుంటాయి. పులిసిన దోశ పిండిలో క్యారెట్ తురుము, ఉల్లి ఒక నిమిషం వేయించి కలిపితే చాలు. పొంగనాల పెనం ఇండియా నుంచి మోసుకురానక్కర్లేదు, డెన్మార్క్ వాళ్లు గుండ్రటి పాన్‌కేకులు చేసుకునే ఇనుప పెనం ఆన్‌లైన్లో దొరుకుతుంది, ఏడు గుంతలుంటాయి, మన పెనానికి అన్నలా ఉంటుంది.

పాలకూర సంగతంటారా, పెసరట్టు పిండి రుబ్బేటప్పుడే అల్లంతో పాటు రెండు గుప్పిళ్లు వేసేయండి. ఎలాగూ పచ్చగానే ఉంటుంది, మా పాప ఇప్పటిదాకా కనిపెట్టలేదు.

ఇంకొకటి, ఎయిర్ ఫ్రయర్‌లో పునుగులు అని నమ్మి మోసపోకండి. జారు పిండి జాలీలోంచి కిందికి కారుతుంది, కడుక్కోలేక చావాలి. దాంట్లో చిలగడదుంప ముక్కలు వేసుకోండి. వేళ్లలా కోసి, అరగంట నీళ్లలో ఉంచి, బట్టతో బాగా తుడిచి, చెంచా నూనె, చెంచా బియ్యప్పిండి పట్టించి, ఒకదాని మీద ఒకటి పడకుండా 380 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పదిహేను నిమిషాలు. ఉప్పు మాత్రం బయటికి తీశాకే చల్లండి, ముందే వేస్తే మళ్లీ నీరు వదులుతుంది.

సర్వపిండి ముద్ద ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా అంటే, వద్దండీ, తెల్లారేసరికి జారుగా అయిపోతుంది. పొద్దున్నే శనగపప్పు నానబెట్టి, ఉల్లిపాయ తరిగి డబ్బాలో పెట్టుకోండి, తురమడం, కలపడం బస్ వచ్చే ముందు చేసుకుంటే సరిపోతుంది.