ఏడో రోజు తర్వాత

శ్రోతలందరికీ నమస్కారం.

రాత్రి పదకొండు దాటింది. లైటు ఆర్పేశాను కానీ ఫోను మాత్రం చేతిలోనే ఉంది. బొటనవేలితో స్క్రీన్ కిందికి లాగి వదులుతున్నాను. చిన్న చక్రం గిర్రున తిరిగి ఆగుతుంది. నా పోస్టు కింద మూడు సెంట్లు. మళ్లీ లాగాను. మూడు సెంట్లే. రెండు నిమిషాల్లో ఏం మారిపోతుందనుకున్నానో నాకే తెలీదు. అయినా మళ్లీ లాగాను.

రాతకు, ఫొటోకు, వీడియోకు ప్రతిఫలం ఇచ్చే సోషల్ మీడియాలో కొన్నేళ్లుగా రాస్తున్నవాణ్ణి. ఉత్సాహం ఎక్కడ జారిపోతుందో, ఎలా నిలబెట్టుకోవచ్చో నాకు తెలిసినంత చెబుతాను.

మొదట ఆ డబ్బు ఎలా వస్తుందో చూద్దాం. 2016లో స్టీమిట్ అనే వేదిక మొదలైంది. చదివినవాళ్లు వేసే ఓట్లు అక్కడ క్రిప్టో కరెన్సీగా మారతాయి. 2020 మార్చిలో అందులోంచే కొందరు విడిపోయి హైవ్ అని ఇంకోటి పెట్టుకున్నారు. రెండింటిలోనూ పోస్టుకు ఏడు రోజులే గడువు. ఎనిమిదో రోజు ఎవరెంత మెచ్చుకున్నా పైసా రాదు. పైగా అందరి ఓటూ ఒకటి కాదు. ఆ వేదిక టోకెన్లు, అంటే దాని క్రిప్టో నాణేలు, ఎక్కువ దాచుకున్నవాడి ఒక్క ఓటు, కొత్తవాళ్లు వందమంది వేసిన ఓట్లకన్నా బరువు తూగొచ్చు. యూట్యూబ్ దారి వేరు. ప్రకటనల్లో వాటా కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో జనం మన వీడియోలు 4,000 గంటలు చూసి ఉండాలి. షార్ట్స్ అనే చిన్న వీడియోలు తీసేవాళ్లకైతే గంటలు కాదు, వ్యూస్ లెక్క.

ఇదంతా తెలిసి కూడా, పోస్టు కింద అంకె కనబడగానే మనం దాన్ని పరీక్ష పేపరు మీద మార్కులాగే చదువుకుంటాం. మూడు సెంట్లంటే నా రాత మూడు సెంట్లదని. ఉత్సాహం చచ్చేది అక్కడే. నిజానికి ఆ పూట బరువైన ఓటున్నవాడు అటువైపు వచ్చాడా లేదా అన్నదే అందులో ఎక్కువ పాలు.

దీని మీద ఒక మంచి ప్రయోగం ఉంది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో ప్రచురించారు. పెద్దగా ఎవరికీ తెలియని 48 పాటలు ఇంటర్నెట్‌లో పెట్టారు. 14 వేల పైచిలుకు మంది విన్నారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో చూపించారు. పాటలు అవే. కానీ ఒక గుంపులో నెత్తికెక్కించుకున్న పాట, ఇంకో గుంపులో ఎక్కడో అడుగున పడి ఉంది. మరీ మంచి పాట మరీ దిగజారడం అరుదు, మరీ చెత్త పాట పైకి రావడమూ అరుదే. మధ్యలో ఉన్నవాటి గతి మాత్రం ఎటైనా పోవచ్చని తేలింది. మనలో చాలామందిమి ఆ మధ్యలోవాళ్లమే కదా!

కారణం మన చేతిలో లేనప్పుడు మనిషి కారణాలు కల్పించుకుంటాడు. ఒకసారి సాయంత్రం ఏడూ పదికి పెట్టిన పోస్టుకు నాకు బాగా డబ్బులొచ్చాయి. అంతే, ఏడాదిపాటు ఏడూ పదికే పెట్టాను. ఆలస్యమైతే గుండె దడ. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో పావురాల మీద రాసిన వ్యాసం చదివాక సిగ్గేసింది. ఆకలి మీదున్న పావురాలకు, అవేం చేస్తున్నా పట్టించుకోకుండా, నియమిత వ్యవధిలో గింజలు అందించాడాయన. ఎనిమిదింటిలో ఆరు పావురాలు తలా ఒక తంతు పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, ఇంకొకటి పంజరం మూలకు తల ఎగదోస్తుంది. ఆయన చెప్పిన వివరణను తర్వాతి పరిశోధకులు కొందరు ఒప్పుకోలేదు, అది వేరే చర్చ. నాకు మాత్రం ఆ తిరిగే పావురంలో నేనే కనిపించాను.

దీనికన్నా తప్పు పని ఇంకోటి చేశాను. నువ్వు నాకు ఓటెయ్యి, నేను నీకు వేస్తాననే ఒక గుంపులో చేరాను. రోజూ ఇరవై పోస్టులు తెరవడం, చదవకుండానే "చాలా బాగుంది, కొనసాగించండి" అని రాయడం. రాబడి కొంచెం పెరిగిన మాట నిజం. కానీ నా పోస్టు కింద కూడా అదే వాక్యం ఇరవైసార్లు కనిపించేది. ఒక్కరూ చదవలేదని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చదవలేదు. రెండు నెలలకు రాయబుద్ధే కాకుండా పోయింది. మూడు సెంట్లు వచ్చినప్పుడు కూడా అంత నీరసం రాలేదు.

అలాగని డబ్బు గురించి ఆలోచించొద్దు, ఇష్టం ఉంటే చాలని చెప్పేవాళ్ల మాట నాకు గిట్టదు. అద్దె కట్టాల్సిన పనిలేనివాళ్లు చెప్పే మాట అది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో సంగతి ఇంకా లోతుగా ఉంది. స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడం ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలయ్యాక చూస్తే, సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పించుకున్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా సర్టిఫికెట్ అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. అంటే చిక్కు బహుమతితో కాదు, దానికోసమే వేస్తున్నామన్న లెక్కతో.

ఆ లెక్కను కాస్త పక్కకు నెట్టడానికి నాకు పనికొచ్చిన ఉపాయం చిన్నదే. ఒక పోస్టు పెట్టేముందే తర్వాతి దానికి రెండు పేరాలు రాసి ఉంచుకుంటాను. అంకె ఎంత చూపించినా, అప్పటికే చేతిలో సగం పని ఉంటుంది. ఖాళీగా ఉన్నవాణ్ణే ఆ అంకె కుంగదీస్తుంది. రాబడి వారానికోసారి, గడువు ముగిశాకే చూస్తాను. ఈ నియమం తప్పిన వారాలు లేవని అనను. నోటిఫికేషన్లు ఎటూ ఆపేశాను. సెలవు పెడితే అల్గారిదమ్ మరిచిపోతుందేమోనన్న భయం మాత్రం ఇప్పటికీ ఉంది.

చిరిగిన పాత పుస్తకానికి ఇంట్లోనే మళ్లీ అట్ట కట్టుకోవడం ఎలాగో ఒకసారి రాశాను. ఫొటోలకే మూడు రోజులు పట్టింది. మూడు సెంట్ల పోస్టు అదే. గడువు ముగిసింది, మరిచిపోయాను. ఎనిమిది నెలల తర్వాత దాని కింద ఎవరో రాశారు: "మీరు చెప్పినట్టే చేశాను. కుట్టు గట్టిగానే ఉంది, కానీ అట్ట విల్లులా వంగిపోయింది. కాగితం ఏ వైపు సులువుగా మడత పడుతుందో చూసుకుని, ఆ వరసను పుస్తకం వీపుకు సమాంతరంగా పెట్టాలట కదా, మీరు రాయలేదేం?"

లేచి, నేను కట్టిన పుస్తకం బల్ల మీద పెట్టి చూశాను. నాదీ కొంచెం వంగే ఉంది. ఇన్నాళ్లూ వానల వల్లనుకున్నాను. ఒక అట్టముక్క తీసుకుని అటూ ఇటూ వంచి చూశాను. ఒకవైపు మెత్తగా వంగింది, ఇంకోవైపు మొరాయించింది. పోస్టు తెరిచి మూడో మెట్టు తిరగరాశాను, కొత్త ఫొటో తీసి పెట్టాను, చెప్పినవారికి కింద కృతజ్ఞత రాశాను. ఆ పని ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది.

నమస్కారం.